సంపాదకురాలు టోనీ మారిసన్: ఒక దళిత పఠనం

టోనీ మారిసన్ గురించి తెలుగులో మనం మాట్లాడుకునేదంతా దాదాపు ఆమె నవలల గురించే. అదీ రెండు నవలల గురించే. 1993లో నోబెల్ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి స్త్రీ అన్న ఒక వాక్యం, నీలికళ్ళు కావాలని ప్రార్థించిన పిల్ల కథ 'ది బ్లూయెస్ట్ ఐ', కన్నబిడ్డని చేతులారా చంపుకున్న తల్లి కథ 'బిలవ్డ్'. సెమినార్లలో ఈ మూడూ చెప్పి, నల్లజాతి సాహిత్యానికీ దళిత సాహిత్యానికీ చాలా పోలికలున్నాయని ముగిస్తుంటాం. ఎం.ఫిల్. రోజుల్లో నేనూ అట్లాంటి పేపరొకటి చదివి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణే.

ఇప్పుడా పేపరు తీసి చూసుకుంటే సిగ్గేస్తుంది. అందులో తప్పులేమీ లేవు. మారిసన్ ఏం రాసిందో చెప్పాను గానీ, ఏం పని చేసి బతికిందో చెప్పలేదు, అంతే. 1965 నుంచి 1983 దాకా ఆమె ఒక ప్రచురణ సంస్థలో సంపాదకురాలు. పద్దెనిమిదేళ్ళు. 'ది బ్లూయెస్ట్ ఐ' (1970), 'సూలా' (1973), 'సాంగ్ ఆఫ్ సోలమన్' (1977), 'టార్ బేబీ' (1981), ఈ నాలుగూ ఆ ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు మగపిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటూ తెల్లారకముందే లేచి రాసుకున్న నవలలు. ఆ ఉద్యోగంలో ఆమె చేసిన పని మీద డానా విలియమ్స్ రాసిన 'టోనీ ఎట్ రాండమ్' అనే పూర్తి పుస్తకం 2025లో వచ్చింది. అక్కడే అంత ఆలస్యమైతే ఇక మన సంగతి చెప్పేదేముంది.

ఈ పని గురించి ఎందుకు మాట్లాడుకోవాలంటే, మనకి కొరత అక్కడే ఉంది గనక. రాసేవాళ్ళకి కొరత లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాక మన పిల్లలు కలం పట్టారు. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' సంకలనాలొచ్చాయి. కవులొచ్చారు, కథకులొచ్చారు, విమర్శకులొచ్చారు. పత్రికా సంపాదకులైతే మనకి అంతకు చాలా ముందునుంచే ఉన్నారు. అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్', 1927లో 'బహిష్కృత్ భారత్' నడిపాడు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ, రాజమండ్రిలో కుసుమ ధర్మన్న పత్రికలు పెట్టారు. మరి ఏది లేదు? ఒక మాలపిల్లో మాదిగపిల్లో మొదటిసారి ఒక నవల రాసి పట్టుకొస్తే, ఆ రాతప్రతి ముందు కూచుని, మూడుసార్లు చదివి, 'ఇక్కడ నువ్వు భయపడి ఆపేశావు, ఇంకా రాయి' అని చెప్పే మనిషి లేదు. మనవాళ్ళ రాతప్రతులు ఇప్పటికీ ఎక్కువగా మనవాళ్ళు కానివాళ్ళ బల్లల మీదే పడుంటున్నాయి. వాళ్ళు మంచివాళ్ళు కావచ్చు. కానీ ఏది దిద్దాలో ఏది వదిలెయ్యాలో తేల్చేది వాళ్ళ చెవి. ఆ చెవికి మన గూడెం మాట తప్పుగానే వినిపిస్తుంది.

మారిసన్ పుట్టింది 1931లో, ఒహాయో రాష్ట్రంలో లొరెయిన్ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో. అసలు పేరు క్లోయీ వోఫర్డ్. తండ్రి వెల్డింగు పనివాడు, దక్షిణాదిన జార్జియాలో తన వీధిలోనే నల్లవాళ్ళని చెట్టుకి ఉరేసిన సంగతి ఎరిగి ఉత్తరాదికి వలసొచ్చినవాడు. ఆమెకి రెండేళ్ళప్పుడు, నెలకి నాలుగు డాలర్ల అద్దె కట్టలేదని, లోపల మనుషులుండగానే ఇంటి యజమాని ఇల్లు తగలబెట్టాడు. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, 1955లో కార్నెల్‌లో ఎం.ఏ.; వర్జీనియా వుల్ఫ్, ఫాక్నర్‌ల మీద సిద్ధాంత వ్యాసం. ఆ ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మనిషి ఎవరి మీద థీసిస్ రాయాల్సొచ్చిందో గమనించండి. మనలో ఎంతమందిమి ప్రబంధాల మీద రాసి డిగ్రీలు తెచ్చుకోలేదు? అయితే ఆ చదువుని ఆమె వృథా పోనివ్వలేదు. ఆ సంగతి విమర్శ దగ్గరికొచ్చినప్పుడు చెబుతాను.

కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, 1964లో విడాకులు తీసుకుని, ఆ మర్నాడు సంవత్సరం రాండమ్ హౌస్‌కి చెందిన పాఠ్యపుస్తకాల శాఖలో చేరింది. తర్వాత న్యూయార్క్ ప్రధాన కార్యాలయానికి మారింది. అక్కడ కాల్పనిక సాహిత్య విభాగంలో సీనియర్ సంపాదకురాలి స్థాయికి వెళ్ళిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. తాను నవల రాస్తున్నట్టు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. 'ది బ్లూయెస్ట్ ఐ' వేరే సంస్థ నుంచి వచ్చింది. జీతం పెంచమని అడిగినప్పుడు, నేనూ మీలాగే ఇంటిని పోషించే మనిషినని పైవాళ్ళతో చెప్పిందట. ఈ మాట నాకు చాలా ఇష్టం. మన స్త్రీ రచయితల గురించి రాసే వ్యాసాల్లో జీతం సంగతి ఎప్పుడైనా చదివారా?

ఆ రోజుల్లో నల్లవాళ్ళు వీధుల్లో ఉన్నారు. బ్లాక్ పాంథర్ పార్టీ నడుస్తోంది. ఆ పేరునే 1972లో బొంబాయిలో మన దళిత్ పాంథర్లు తీసుకున్నారు. మారిసన్ ఊరేగింపుల్లో ముందు నడిచిన మనిషి కాదు. వీధిలో జరుగుతున్నది పుస్తకంగా నిలవాలి, ఆ పని నాది అనుకుంది. పాంథర్ల నాయకుడు హ్యూయీ న్యూటన్ రచనల సంపుటం 1972లో, ఏంజెలా డేవిస్ ఆత్మకథ 1974లో, మహమ్మద్ అలీ ఆత్మకథ 1975లో ఆమె చేతి మీదుగానే వచ్చాయి. ఏంజెలా డేవిస్ అప్పటికి జైలు నుంచి, హత్యా నేరారోపణ నుంచి బయటపడి ఎంతో కాలం కాలేదు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ఆత్మకథ రాయడం ఆమెకి ఇష్టం లేదు. ఉద్యమాన్ని పక్కనపెట్టి ఒక మనిషిని మాత్రమే పైకెత్తుతుందని ఆమె భయం. మారిసన్ ఒప్పించింది. రాజకీయ విశ్లేషణలు రాసుకొస్తే, అది తీసెయ్యమనలేదు. ఆ గది ఎట్లా ఉంది, అక్కడ ఏం కనిపించింది అని అడుగుతూ పోయిందట. జైలు అనేది ఒక భావన అయిపోకుండా, గోడగా, వాసనగా కాగితం మీదికి రావాలని ఆ పట్టు.

మన ఉద్యమ ఆత్మకథలు కొన్ని చదివినప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. శిబిరంలో ఉన్నాం, పోరాడాం, తీర్మానం చేశాం అని ఉంటుంది. శిబిరంలో వంట ఎవరు చేశారు? రాత్రి పిల్లలు ఎక్కడ పడుకున్నారు? అడిగే సంపాదకులు లేకపోయారు, అందుకని ఆ రచయితలు చెప్పలేదు. తప్పు రచయితది ఒక్కరిదే కాదంటాను.

గేల్ జోన్స్ రాసిన 'కరెగిడోరా' (1975) ఆమె వేసిన పుస్తకాల్లో నాకు అన్నిటికంటే బలంగా తగిలింది. అందులో బ్రెజిల్‌లో బానిస యజమాని చేతిలో చెరపట్టబడ్డ స్త్రీల సంతతి ఉంటుంది. బానిసత్వం రద్దయ్యాక యజమానులు కాగితాలన్నీ కాల్చేశారు. సాక్ష్యం లేదు. అందుకని అమ్మమ్మ తల్లికి, తల్లి కూతురికి ఆ జరిగింది చెప్పడం, చెప్పడానికి కూతుళ్ళని కనడం ఒక బాధ్యతగా చేసుకుంటారు. గర్భసంచి పోగొట్టుకున్న మనవరాలు ఇక ఆ సాక్ష్యాన్ని ఎట్లా నిలబెట్టాలి అన్నది నవల. అప్పుడు గేల్ జోన్స్ పాతికేళ్ళ పిల్ల. ఆ రాతప్రతి చదివాక, నల్లజాతి స్త్రీ గురించి ఇకమీదట ఎవరు రాసినా ఇంతకుముందులా రాయలేరని మారిసన్ అనుకుందట. తానే నవలలు రాస్తున్న మనిషి, తన పోటీదారు అనదగ్గ మరో రచయిత్రి గురించి అట్లా అనుకుని, ఆ పుస్తకం కోసం ఆఫీసులో కొట్లాడి వెయ్యడం చిన్న సంగతి కాదు. మన సాహిత్య సభల లోపలి కథ తెలిసినవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

హెన్రీ డూమాస్ అని ఒక కవి, కథకుడు. 1968లో న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు, ముప్ఫై మూడేళ్ళకి. అతని రచనల్ని మారిసన్ వెతికి తీసి పెద్ద సంస్థ ముద్రతో వేసింది. టోనీ కేడ్ బంబారా కథలు 'గొరిల్లా, మై లవ్' (1972) ఆమె వేసినవే. 1995లో బంబారా చనిపోయింది. అట్లాంటాలో నల్లపిల్లల హత్యల మీద ఆమె ఏళ్ళ తరబడి రాసిన పెద్ద నవల అసంపూర్తిగా మిగిలిపోయింది. అప్పటికి మారిసన్‌కి నోబెల్ వచ్చేసింది, సంపాదకురాలి ఉద్యోగం వదిలేసి పన్నెండేళ్ళయింది, ప్రిన్‌స్టన్‌లో ప్రొఫెసరు. అయినా స్నేహితురాలి రాతప్రతి ముందేసుకుని కూచుని సరిచేసి 1999లో బయటికి తెచ్చింది. తన నవల ఇంకొకటి రాసుకోవాల్సిన రోజులవి.

ఇక 'ది బ్లాక్ బుక్' (1974). ఇది చరిత్ర పుస్తకమని చెప్పలేం, సాహిత్య సంకలనమనీ చెప్పలేం. పాత వస్తువులు సేకరించే నలుగురి దగ్గర పోగుపడ్డవన్నీ తెచ్చి, మూడు వందల ఏళ్ళ నల్లవాళ్ళ జీవితాన్ని ఒక ఇంటి పాత ఆల్బమ్‌లా పేర్చిన పుస్తకం. బానిసల అమ్మకపు కాగితాలు, పారిపోయిన బానిసల కోసం ప్రకటనలు, నల్లవాళ్ళు కనిపెట్టిన పరికరాల పేటెంట్లు, పాటలు, ఫోటోలు, ఉరేసిన శవాలు, పత్రికల ముక్కలు. అధ్యాయాలు లేవు, పండితుల పీఠికలతో నడిచే వ్యాఖ్యానం లేదు. ఎత్తుకున్న గొప్పవాళ్ళ పేర్ల కంటే పేరు లేని జనం ముఖాలు ఎక్కువ. అట్ట మీద మారిసన్ పేరు సంపాదకురాలిగా లేదు.

ఆ పత్రికల ముక్కల్లో ఒకటి 1856 నాటిది. మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ ఆ జనవరిలో భర్తతో, పిల్లలతో గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి కెంటకీ నుంచి సిన్సినాటి పారిపోయింది. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు తలుపు విరగ్గొడుతుంటే, మళ్ళీ బానిసత్వంలోకి పంపడం కంటే నయమని రెండేళ్ళ కూతుర్ని చంపేసింది. తర్వాత జరిగిన వాదన చూడండి. బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్ళు ఆమె మీద హత్యకేసు పెట్టాలన్నారు. హత్యకేసు పెడితే ఆమె మనిషి అని ఒప్పుకున్నట్టు. కోర్టు ఆమెని పారిపోయిన ఆస్తి కింద తేల్చి యజమానికి అప్పగించింది. శిక్ష పడటమే గౌరవం అయిన స్థితి అది. ఈ ముక్కలోంచే పదమూడేళ్ళ తర్వాత 'బిలవ్డ్' (1987) పుట్టింది. అంటే ఆమె అత్యున్నత నవల ఆమె సంపాదకత్వపు బల్ల మీంచి లేచింది. నవలాకారిణి వేరు, సంపాదకురాలు వేరు అని విడగొట్టి చెబితే ఈ సంగతి అర్థం కాదు.

మనకి ఇట్లాంటి పని అసలు లేదని కాదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనల్ని 1920ల నుంచి వెతికి ఒకచోట పెట్టింది. అది వచ్చాకనే కదా, దళిత స్త్రీలు ఈమధ్యనే రాయడం మొదలుపెట్టారు అనే మాట ఆగింది. అయితే ఆ పుస్తకం మీద మన విశ్వవిద్యాలయాల్లో జరగాల్సినంత పని జరగలేదు. అందులోని ఒక్కో పేరూ ఒక్కో పరిశోధన అవ్వాలి. ఒక్కో పేజీలోంచి ఒక్కో నవల లేవొచ్చు. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000)లో రూతు కూచుని తరాల్ని జ్ఞాపకం చేసుకున్నట్టు, ఆ స్త్రీల జ్ఞాపకాల్ని పట్టుకుని ఎవరైనా కూచోవాలి.

'బిలవ్డ్'లో ఒక చిన్న వివరం ఉంది. ఎం.ఫిల్. రోజుల్లో నా కళ్ళకి అది ఆనలేదు. తోటలోకి కొత్తగా వచ్చిన స్కూల్‌టీచర్ అనే తెల్లవాడు బానిసల్ని కొలిచి, తన శిష్యుల చేత రాయిస్తుంటాడు. ఒక వరసలో మనిషి లక్షణాలు, ఇంకో వరసలో జంతువు లక్షణాలు. ఆ రాయడానికి వాడే సిరా కాచి ఇచ్చేది సేథీయే. తన సిరాతోనే తనని జంతువుగా రాశారు. ఆ ఒక్క వివరం చాలు, విమర్శ ఎందుకు చెయ్యాలో చెప్పడానికి. మన కులాల మీద బ్రిటీషు అధికారులు రాసిన గ్రంథాలు, వాటిని ఉటంకిస్తూ మన ఆచార్యులు రాసిన గ్రంథాలు లైబ్రరీలో తిరగేస్తుంటే నాకు ఈ సిరా గుర్తొస్తుంది. వాళ్ళకి ఆ వివరాలు చెప్పింది మన తాతలే. తోలు ఎట్లా ఊనతారో, డప్పు ఎట్లా కాస్తారో, పెళ్ళి ఎట్లా చేస్తారో ఓపిగ్గా చెప్పారు. పుస్తకంలో మాత్రం తాతల పేర్లు లేవు.

'ది బ్లూయెస్ట్ ఐ' దగ్గర మాత్రం నాకు మన విమర్శకులతో పేచీ ఉంది. పెకోలా నీలికళ్ళు కోరుకోవడాన్ని మన పిల్లల తెల్లతోలు మోజుతో పోల్చి ఊరుకుంటారు. మనకి అసలు సమస్య రంగు కాదు. మాదిగవాళ్ళలో పచ్చగా ఉన్నవాళ్ళున్నారు, బాపనవాళ్ళలో నల్లగా ఉన్నవాళ్ళున్నారు. అక్కడ అవమానం చూపులోనే మొదలవుతుంది. ఇక్కడ ఇంటిపేరు అడిగాక, ఏ ఊరు, ఏ వీధి అని అడిగాక మొదలవుతుంది. అందుకే దాచుకునే వీలుంది, దాచుకోవడంలో కుమిలిపోవడం ఉంది. హాస్టల్లో నా గదిలో ఉన్న పిల్లవాడు రెండేళ్ళు తన ఇంటిపేరు పొడి అక్షరంతోనే సరిపెట్టాడు. పెకోలాకి ఆ సౌకర్యం లేదు. పోలిక తేవాలంటే ఈ తేడా చెప్పాకే తేవాలి.

ఆ నవలలో నన్ను కదిలించింది ఇంకొకటి. పెకోలా తల్లి పాలీన్ తెల్లవాళ్ళ ఇంట్లో పనిమనిషి. ఒకరోజు పెకోలా అక్కడికి వెళ్తుంది. వేడివేడి పళ్ళ వంటకం పొరపాటున కింద పడి పిల్ల కాళ్ళు కాలతాయి. తల్లి తన పిల్లనే కొట్టి, గౌను మరకైందని ఏడుస్తున్న తెల్లపిల్లని దగ్గరికి తీసుకుని బుజ్జగిస్తుంది. ఆ తెల్లపిల్ల ఆమెని పాలీ అని పేరు పెట్టి పిలుస్తుంది. కన్నకూతురు మాత్రం మిసెస్ బ్రీడ్‌లవ్ అంటుంది. మా అమ్మ పదిహేనేళ్ళు ఒక కాపుల ఇంట్లో పేడకళ్ళెత్తింది. వాళ్ళ చిన్నపిల్లాడు ఆమెని ఏమే అని పిలిచేవాడు. ఆ పిల్లాడికి జ్వరమొస్తే అమ్మ రాత్రి దాకా అక్కడే ఉండిపోయేది. ఆ పేజీలు చదివాక ఇంటికి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తోచక అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను.

1973లో 'సూలా' వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో సారా బ్లాక్‌బర్న్ అనే విమర్శకురాలు ఒక సలహా ఇచ్చింది. మారిసన్‌కి ఇంత ప్రతిభ ఉంది గనక చిన్న ఊళ్ళ నల్లవాళ్ళ బతుకు దగ్గరే ఆగిపోకూడదు, ఇంకా విశాలంగా ఎదగాలి అన్నది దాని సారాంశం. ఈ సలహా మనలో వినని రచయిత ఉన్నాడా? మీరు బాగా రాస్తారండీ, ఎప్పుడూ దళిత సమస్యేనా, మానవ సమస్య రాయండి. దీనికి మనవాళ్ళు రెండు రకాలుగా జవాబిస్తుంటారు. కొందరు కోప్పడతారు, కొందరు నిజమే కాబోలని అగ్రవర్ణ పాత్రలతో ఒక కథ రాసి నిరూపించుకుంటారు. మారిసన్ రెండూ చెయ్యలేదు. తర్వాత నవలలన్నీ నల్లవాళ్ళ గురించే రాసింది. జవాబు మాత్రం విమర్శకురాలిగా ఇచ్చింది. తెల్లవాళ్ళ సాహిత్యాన్నే ముందేసుకుని, మీరు మానవ సమస్య అంటున్నదాంట్లో మేం ఎక్కడున్నాం, మా చేత ఏం పని చేయించుకున్నారు అని అడిగింది. ఎం.ఏ.లో ఫాక్నర్ మీద పెట్టిన కష్టం ఇక్కడ పనికొచ్చింది.

హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు 1992లో 'ప్లేయింగ్ ఇన్ ది డార్క్'గా వచ్చాయి. వంద పేజీలు కూడా లేని పుస్తకం. విల్లా కేథర్, పో, మార్క్ ట్వైన్, హెమింగ్వేల్ని తీసుకుంది. హెమింగ్వే 'టు హావ్ అండ్ హావ్ నాట్' మీద ఆమె చదివిన తీరు ప్రతి విద్యార్థీ చూడాలి. పడవలో చుక్కాని దగ్గర నల్లవాడున్నాడు. ముందుకి చూస్తున్నది అతనొక్కడే, చేపలు కనిపించేది అతనికే, కేక వెయ్యాల్సింది అతనే. అతన్ని మాట్లాడనివ్వడం ఇష్టం లేక హెమింగ్వే, అతను చూశాడన్న సంగతిని కథానాయకుడు చూసినట్టుగా ఒక వంకర వాక్యం రాశాడు. వాక్యాల పొదుపుకి పేరుపడ్డ రచయిత, ఒక నల్లవాడి నోరు మూయించడానికి తన వ్యాకరణాన్నే పాడుచేసుకున్నాడు. జాత్యహంకారం అని అరవకుండానే ఒక్క వాక్యం పట్టుకుని మొత్తం బయటపెట్టింది. అదీ సంపాదకురాలి కన్ను. పద్దెనిమిదేళ్ళు రాతప్రతులు దిద్దితే గానీ రాదు.

మనం ఈ పద్ధతిలో చదవాల్సినవి ఎన్నున్నాయో. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) ఉంది. దానిమీద మనం వాదించుకునేది ఎప్పుడూ ఒకటే: ఉన్నవ మనల్ని సానుభూతితో రాశాడా, లేదా? ఒకవైపు ఆయన గొప్పతనం, ఇంకోవైపు ఆయన పరిమితి. మారిసన్ దగ్గర నేర్చుకుంటే ప్రశ్న మారుతుంది. సంగదాసు చంపబడ్డాడు. తండ్రి రామదాసు వేదాంతిలా ఓర్చుకున్నాడు. ఆ ఓర్పు ఎవరికి అవసరం? రామదాసు కత్తి పట్టి ఉంటే చదివే అగ్రవర్ణ సంస్కర్తకి మనశ్శాంతి ఉంటుందా? పెద్దకొడుకు వెంకటదాసు తిరగబడ్డాడు, కానీ అతను ఊరొదిలి అడవి దారి పట్టాల్సొచ్చింది. తిరగబడిన మాలవాడికి మాలపల్లిలో చోటు లేకుండా పోయింది. నవల పేరేమో 'మాలపల్లి'. రామదాసు ఓర్పు వల్ల ఆ పాఠకుడు తనని తాను దయామయుడిగా చూసుకోగలుగుతున్నాడని నాకనిపిస్తుంది. ఉన్నవ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు, ఆయన జైలుకెళ్ళిన మనిషి. నేనడిగేది ఆ నిజాయితీకి మన ఓర్పు ఎందుకు కావాల్సొచ్చిందని.

మారిసన్ కన్ను తెల్లవాళ్ళ మీదే ఆగలేదు. 'పారడైజ్' (1997) మనవాళ్ళు తక్కువ చదివిన నవల, నాకైతే ఇప్పుడు అన్నిటికంటే అవసరంగా కనిపిస్తున్న నవల. బానిసత్వం పోయాక కటిక నల్లటి కుటుంబాలు కొన్ని పడమటికి నడిచి వెళ్తాయి. దారిలో, తమకంటే కొంచెం తెలుపు తేలిన నల్లవాళ్ళ ఊరు వాళ్ళని లోపలికి రానివ్వదు. ఆ అవమానాన్ని మోసుకుంటూ ఓక్లహోమాలో తమదే ఒక ఊరు కట్టుకుంటారు. మనవడి తరానికొచ్చేసరికి ఆ ఊరు కూడా గేటు వేసుకుంటుంది. ఎవరి రక్తం ఎంత నలుపో లెక్క చూసుకుంటుంది. చివరికి ఆ ఊరి మగాళ్ళు పక్కనే దిక్కులేని స్త్రీలు తలదాచుకున్న ఇంటి మీదికి తుపాకులతో వెళ్తారు.

1994లో దండోరా మొదలైనప్పుడు, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణకి దారి తెరిచినప్పుడు, మాల మాదిగల మధ్య ఏ మాటలు నడిచాయో మనకి తెలుసు. నేను మాదిగవాణ్ణి, వర్గీకరణ కావాలన్నవాణ్ణి. అది వాటా సంగతి, న్యాయం సంగతి. కానీ అదే నోటితో ఇంకొకటి చెప్పాలి. మా గూడేనికి డక్కలివాళ్ళు వచ్చేవాళ్ళు. మా కులపురాణం చెప్పి అడుక్కునేవాళ్ళు. వాళ్ళు గూడెం బయటే ఆగాలి. మమ్మల్ని ఊరు బయట ఆపింది, మేం వాళ్ళని గూడెం బయట ఆపాం. మా నాయనమ్మ వాళ్ళకి బియ్యం దూరం నుంచే పోసేది. ఆమె చెడ్డ మనిషి కాదు. మన విమర్శలో డక్కలి మాట ఎన్నిసార్లొచ్చింది? 'పారడైజ్' చదివితే ఈ ప్రశ్న తప్పించుకోలేం. స్త్రీల సంగతి కూడా అంతే. తెల్ల స్త్రీల విముక్తి ఉద్యమం గురించి నల్లజాతి స్త్రీ ఏమనుకుంటోందో 1971లోనే ఆమె వ్యాసం రాసింది. దళిత స్త్రీలు వేరుగా మాట్లాడతామన్నప్పుడు మన ఉద్యమంలో కనుబొమలు పైకి లేచినవి నేను చూశాను.

ఆమె రాసిందంతా గొప్పదని నేననను. చివరి నవల 'గాడ్ హెల్ప్ ది చైల్డ్' (2015) పల్చగా ఉంది, మనుషుల కంటే సందేశం ముందు నడుస్తుంది. రాండమ్ హౌస్ వ్యాపార సంస్థ అన్న సంగతీ మరిచిపోకూడదు. ఒక్క మనిషి తలుపు పట్టుకుని నిలబడితే కొందరు లోపలికొచ్చారు. 1983లో ఆ మనిషి వెళ్ళిపోయాక ఆ జాబితా చిక్కిపోయింది. తలుపు మాత్రం వాళ్ళదిగానే మిగిలింది. మనకి ఆ దారి చాలదు. 'బిలవ్డ్'కి జాతీయ పుస్తక బహుమతి రాకపోతే 1988 జనవరిలో నలభై ఎనిమిది మంది నల్లజాతి రచయితలు పత్రికలో సంతకాలు పెట్టి ఆమెకి మద్దతు ప్రకటించారు. ఆ ఏడే పులిట్జర్ వచ్చింది. సంతకాల వల్లే వచ్చిందని ఆక్షేపించినవాళ్ళున్నారు. అగ్రవర్ణాల సాహిత్య పీఠాలకి సంతకాలు అక్కర్లేదు, ఇంటికెళ్ళి టీ తాగితే సరిపోతుంది. 2019 ఆగస్టు 5న చనిపోయేదాకా ఈ ఆక్షేపణకి ఆమె క్షమాపణ చెప్పుకున్న దాఖలా లేదు.

ఇదంతా రాస్తున్నవాణ్ణి నేనేం చేశానో కూడా చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మిత్రులం కలిసి ఒక చిన్న పత్రిక నడిపాం. రచనలు చూసే పని నాది. ఒక అమ్మాయి, డిగ్రీ చదువుతున్న పిల్ల, నోటుపుస్తకం కాగితాల మీద ఇరవై పేజీలు రాసి పంపింది. వాళ్ళమ్మ మిరపకోతలకి వలస వెళ్ళిన సంగతి. కామాలు లేవు, పేరాలు లేవు, అంతా వాళ్ళమ్మ మాట్లాడినట్టే ఉంది. నేను అప్పటికి 'బిలవ్డ్' మీద వ్యాసం అచ్చేసుకున్న పండితుణ్ణి. ఇందులో అనుభవం ఉంది గానీ నిర్మాణం లేదు, శైలి మీద శ్రద్ధ పెట్టమని కార్డు రాసి పక్కన పెట్టేశాను. తర్వాత ఆమె దగ్గర్నుంచి మాకేమీ రాలేదు. పత్రిక కూడా ఆగిపోయింది.

ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. ఈ వ్యాసం కోసం పాత ఫైళ్ళు వెతుకుతుంటే దొరికాయి. మళ్ళీ చదివాను. ఏడో పేజీలో కూలి లెక్క దగ్గర మేస్త్రీకీ వాళ్ళమ్మకీ జరిగిన గొడవ ఉంది. రెండు ముక్కల్లో చెప్పి వదిలేసింది. అప్పుడు వాళ్ళు ఎక్కడ నిలబడి ఉన్నారు, చుట్టూ ఎవరెవరున్నారు అని నేను అడిగి ఉండాల్సింది. పోయిన నెల ఆ పాత అడ్రసుకే ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.